94 దగ్గర ఆగిపోయే ఆఫీసు నెట్: తప్పు ఎక్కడుందో ఆ అంకే చెబుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆఫీసులో మీ డెస్క్‌టాప్‌కి వైఫై కాదు, వైర్ కనెక్షన్. స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు పెట్టినా 93, 94 మెగాబిట్ల దగ్గరే ఆగుతోంది, మధ్యమధ్యలో 20కి పడిపోతోంది. పక్క సీటులో ఆయనకి అదే స్విచ్ (పీసీల తీగలన్నీ కలిసే పెట్టె) నుంచి 600 దాకా వస్తోంది. సర్వర్ నుంచి 4 జీబీ ఫైలు తెచ్చుకోవాలంటే మీకు దాదాపు ఆరు నిమిషాలు పడుతోంది. టేబుల్ మీది కేబుల్ మార్చారు, డ్రైవర్ కొత్తది వేశారు. ఐటీ వాళ్ళని అడిగితే "మా వైపు అంతా బాగానే ఉంది" అన్నారు. ఇక మిగిలింది విండోస్ మళ్ళీ వేయడమేనా అని మీ సందేహం.

వద్దండీ. విండోస్ జోలికి వెళ్ళకండి. ఒక రోజంతా పోతుంది, ఫలితం మాత్రం ఇదే 94. నొప్పి ఒకచోట ఉంటే మందు మరోచోట రాసినట్టు అవుతుంది. ఆఫీసు నెట్‌వర్కులు వేయడం, చెడినవి బాగుచేయడం చాలా ఏళ్ళుగా నా పని. మీరు రాసిన వివరాల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ 94. కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకో చెబుతాను.

నెట్ నెమ్మదించడానికి వంద కారణాలు ఉంటాయి. కానీ వాటిలో చాలావాటికి స్థిరమైన అంకె ఉండదు. ఇంటర్నెట్ లైను మీద రద్దీ ఉంటే ఒకసారి 300, ఒకసారి 140, సాయంత్రానికి 500 వస్తుంది. యాంటీవైరస్ అడ్డుపడుతుంటే ప్రాసెసర్ మీద ఉన్న భారాన్ని బట్టి మారుతుంది. ప్రతిసారీ 93, 94 మధ్యే ఆగిందంటే అక్కడ ఒక గోడ ఉందన్నమాట. ఆ గోడ పేరు 100 మెగాబిట్ల ఈథర్నెట్ లింకు, అంటే మీ పీసీకి ఉన్న తీగ కనెక్షన్ 100కే పరిమితమైంది.

100 మెగాబిట్ల లింకు మీద 100 పూర్తిగా ఎందుకు రాదంటే, తీగ మీద డేటా ప్యాకెట్లనే చిన్న మూటలుగా వెళుతుంది, ఆ ప్రతి ప్యాకెట్‌లోనూ మీ డేటాతో పాటు అడ్రసుల బరువు కూడా ఉంటుంది. మామూలు ప్యాకెట్‌లో మీ డేటా 1460 బైట్లు. దానికి టీసీపీ, ఐపీ (డేటాని చేర్చే నియమాలు) హెడర్లు కలిపి 40, ఈథర్నెట్ హెడరూ చివరన తప్పుల్ని పట్టుకోవడానికి వచ్చే చెక్‌సమ్మూ కలిపి 18, ప్యాకెట్ మొదలవుతోందని ముందే చెప్పే ప్రియాంబుల్ 8, ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ మధ్య వదిలే ఖాళీ 12. మొత్తం 1538. అందులో మీకు దక్కేది 1460, అంటే సుమారు 95 శాతం. ఇంకో చిన్న ఆప్షన్ కలిస్తే 94కి దిగుతుంది. గిగాబిట్ (1000 మెగాబిట్ల) లింకుకీ ఇదే లెక్క, అక్కడ 940 దాకా వస్తుంది.

మీ 4 జీబీ ఫైలు కూడా ఇదే సాక్ష్యం చెబుతోంది. 94 మెగాబిట్లంటే సెకనుకి 11.8 మెగాబైట్లు. బిట్టు వేరు, బైటు వేరు. 8 బిట్లు ఒక బైటు. ఈ తేడా తెలియక "వంద ఉందన్నారు, పదకొండే వస్తోంది" అని గాబరా పడేవాళ్ళని రోజూ చూస్తుంటాను. 4000ని 11.8తో భాగిస్తే 339 సెకన్లు, అంటే ఐదున్నర నిమిషాల పైన. మీ ఆరు నిమిషాలకి దగ్గరగా సరిపోయింది. అంటే ఇంటర్నెట్ లైను, ఫైర్‌వాల్, వెబ్‌సైట్లు ఇవేవీ మీ సమస్య కాదు. ఆఫీసు లోపలి సర్వర్ నుంచి తెచ్చుకున్నా అదే గోడ తగులుతోంది. గోడ మీ పీసీకీ స్విచ్‌కీ మధ్యే ఉంది.

ఇప్పుడు దాన్ని కళ్ళారా చూడండి. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్నెట్. కిందకి దిగితే లింక్ స్పీడ్ అని ఉంటుంది. 1000/1000 ఉండాల్సిన చోట మీకు 100/100 కనిపిస్తుందని నా నమ్మకం. లైనక్స్‌లో ఈథ్‌టూల్ కమాండ్ ఇదే చెబుతుంది. ఒక్క జాగ్రత్త: ఆ సమయంలో వైఫై ఆపేయండి. రెండూ ఆన్‌లో ఉంటే మీరు కొలుస్తున్నది దేన్నో మీకే తెలియదు.

ఒకవేళ అక్కడ 1000 కనిపిస్తే నా అంచనా తప్పు. అప్పుడు ఏం చూడాలో కింద చెబుతాను. 100 కనిపిస్తే మాత్రం ఇకపై సాఫ్ట్‌వేర్ వెతుకులాట కట్టిపెట్టి తీగ వెంట నడవండి.

100కి ఎందుకు దిగుతుంది అన్నది అర్థమైతే మిగతాదంతా తేలిక. నెట్‌వర్క్ కేబుల్ లోపల 8 తీగలుంటాయి. రెండేసి చొప్పున పెనవేసి నాలుగు జతలు: ఆరెంజ్, గ్రీన్, బ్లూ, బ్రౌన్. 100 మెగాబిట్లకి రెండు జతలు చాలు. కనెక్టర్‌లో 1, 2, 3, 6 పిన్నుల మీద ఉన్నవి, అంటే ఎక్కువ ఆఫీసుల్లో వాడే టీ568బీ వరుసలో ఆరెంజ్, గ్రీన్. బ్లూ, బ్రౌన్ జతలు ఊరికే ఉంటాయి. గిగాబిట్‌కి మాత్రం నాలుగు జతలూ కావాలి. అందువల్ల బ్లూలోనో బ్రౌన్‌లోనో ఒక్క తీగ తెగినా కేబుల్ చచ్చిపోదు. పీసీ, స్విచ్ రెండూ ముందు ఆరెంజ్, గ్రీన్ జతల మీద పలకరించుకుంటాయి, "నాకు గిగాబిట్ వచ్చు", "నాకూ వచ్చు" అనుకుంటాయి. తీరా నాలుగు జతల మీదా మొదలుపెట్టబోతే ఒక జత పలకదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి, చాలా చిప్‌లు ఇక కాదని 100కి దిగి పని కానిచ్చేస్తాయి. కేబుల్ పెట్టగానే పోర్టు లైటు వెంటనే వెలగకుండా, వెలిగి ఆరి, కొన్ని సెకన్లు తటపటాయించి నిలబడితే అది ఈ తంతే. ఈసారి పెట్టేటప్పుడు ఆ లైటు వైపు చూడండి.

"మా వైపు బాగానే ఉంది" అని ఐటీ వాళ్ళు అన్నది అబద్ధం కాదు, వాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. వాళ్ళ స్క్రీన్ మీద మీ పోర్టు పచ్చగా ఉంటుంది. పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే చిన్న పరీక్ష) వెళుతుంది, మెయిల్ తెరుచుకుంటుంది. ఈ జబ్బు నొప్పి తెలియనివ్వదు, పని జరుగుతూనే ఉంటుంది. అందుకే ఇలాంటి లింకులు ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటాయి.

కేబుల్ మార్చానన్నారు కదా. మీరు మార్చింది టేబుల్ దగ్గరి ప్యాచ్ కార్డ్, అంటే పీసీ నుంచి గోడ దాకా ఉండే పొట్టి కేబుల్, ఒక్కటే. దారి మొత్తం ఒకసారి ఊహించుకోండి: పీసీ నుంచి ప్యాచ్ కార్డ్, అక్కడి నుంచి గోడలోని జాక్, జాక్ వెనక నుంచి సీలింగ్ మీదుగా వెళ్ళే పొడవాటి కేబుల్, ర్యాక్‌లో ప్యాచ్ ప్యానెల్ (గోడల నుంచి వచ్చే కేబుళ్ళన్నీ చేరే జాక్‌ల పలక), అక్కడ ఇంకో ప్యాచ్ కార్డ్, చివరికి స్విచ్ పోర్టు. మధ్యలో కనీసం నాలుగైదు అతుకులు. మీరు ఒక అతుకు చూశారు, మిగతావి ఇంకా చూడలేదు.

అన్నిటికంటే ముందు, మీ టేబుల్ మీద నెట్‌వర్క్ ఫోన్ ఉందా? గోడ నుంచి వచ్చే తీగ ముందు ఫోన్‌లోకి వెళ్ళి, ఫోన్ నుంచి పీసీకి వస్తోందా? అయితే అనుమానించాల్సింది మొదట ఆ ఫోన్‌నే. దాని లోపల చిన్న స్విచ్ ఉంటుంది. పాత మోడళ్ళలో చాలావాటికి అది 100 వరకే. ఫోన్ చక్కగా పనిచేస్తుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది, పీసీకి మాత్రం అంతకు మించి రాదు. ఎన్ని కేబుళ్ళు మార్చినా లాభం ఉండదు. పక్క సీటాయనకి 600 రావడానికి కారణం ఆయన పీసీ నేరుగా గోడకి ఉండటమే కావచ్చు, చూడండి. అలాగే టేబుల్ కింద దుమ్ములో ఎప్పుడో పెట్టిన అయిదు పోర్టుల చిన్న స్విచ్ ఏదైనా ఉందేమో వంగి చూడండి. ప్రింటర్ కోసం ఎవరో పెట్టి మర్చిపోయిన పాత 100 మెగాబిట్ల డబ్బా అక్కడ దొరకడం నాకు మామూలే. మధ్యలో ఉన్నవన్నీ తీసి పీసీని నేరుగా గోడ జాక్‌కి పెట్టండి, లింక్ స్పీడ్ చూడండి. డాకింగ్ స్టేషన్‌తో లాప్‌టాప్ వాడేవాళ్ళు డాక్‌ని కూడా అనుమానించాలి. యూఎస్‌బీ 2.0 మీద నడిచే ఈథర్నెట్ అడాప్టర్ అయితే, మీద గిగాబిట్ అని రాసి ఉన్నా గిగాబిట్ వేగం ఇవ్వలేదు. ఆ యూఎస్‌బీ దారి మొత్తమే 480 మెగాబిట్లు.

అవేవీ లేకపోతే, లేదా తీసినా 100 దగ్గరే ఉంటే, తర్వాతి పని జాక్‌లు అటూ ఇటూ మార్చి చూడటం. మీ పీసీని పక్క సీటు జాక్‌కి పెట్టండి. పక్కాయన పీసీని మీ జాక్‌కి పెట్టండి. మీ పీసీకి అక్కడ 1000 వచ్చి, ఆయన పీసీకి మీ జాక్‌లో 100 వస్తే తప్పు గోడ అవతల ఉంది. మీ పీసీ మీద ఇక ఒక్క నిమిషం కూడా వృథా చేయనక్కర్లేదు. మీ పీసీ ఎక్కడ పెట్టినా 100 అంటే పీసీ పోర్టునో, మీ ప్యాచ్ కార్డునో, డ్రైవర్ సెట్టింగునో చూడాలి. అయితే ఇది చేసే ముందు ఐటీ వాళ్ళకి ఒక మాట చెప్పండి. కొన్ని ఆఫీసుల్లో ఒక్కో పోర్టుకి ఒక్కో యంత్రాన్ని ముడిపెట్టి ఉంచుతారు. వేరే యంత్రం కనబడగానే స్విచ్ ఆ పోర్టుని మూసేస్తుంది. చెప్పకుండా మారిస్తే నెమ్మదిగా ఉన్న నెట్ కాస్తా అసలే పోతుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇక్కడ నాకు ఎదురైన ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ కథ అచ్చం అలాగే ఉంది. ఒక ఆఫీసు అకౌంట్స్ సెక్షన్‌లో ఒకామె నాలుగు నెలలుగా నెట్ నెమ్మదిగా ఉందని చెబుతూనే ఉంది. మూడుసార్లు మనిషి వచ్చాడు. ప్రతిసారీ టేబుల్ ముందుకి లాగి, జాక్ దగ్గర లాప్‌టాప్ పెట్టి చూశాడు, 1000 చూపించింది, బాగానే ఉందని రాసి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళగానే మళ్ళీ మొదలు. చివరికి ఆమె ఊరికే ఫిర్యాదు చేస్తుందనే పేరు కూడా వచ్చింది. నేను వెళ్ళిన రోజు దేన్నీ కదపకుండా ఆమె కుర్చీలో కూర్చుని లింక్ స్పీడ్ తెరిచాను. 100. స్క్రీన్ మీద నుంచి కన్ను తీయకుండా, టేబుల్‌ని మెల్లగా ముందుకు లాగమని అడిగాను. జానెడు కదిలేసరికి లింకు తెగింది, కొన్ని సెకన్లకి 1000 అని వచ్చింది. మళ్ళీ వెనక్కి నెడితే 100.

ఫేస్‌ప్లేట్ స్క్రూలు విప్పి జాక్ బయటికి తీశాను. టేబుల్ వెనక పలక ప్యాచ్ కార్డ్ ప్లగ్గుని పక్కకి నొక్కుతోంది, దాంతో గోడలో జాక్ ఓరగా తిరుగుతోంది. బ్రౌన్ తీగ చూడ్డానికి స్లాట్‌లో సరిగ్గానే కూర్చుని ఉంది. గోటితో కదిపితే తెలిసింది: ప్లాస్టిక్ తొడుగు ఉంది, లోపల రాగి తెగి ఉంది. మొదట కేబుల్ తొడుగు ఒలిచినప్పుడు బ్లేడు తగిలి పడిన గాటు అది. వదులుగా ఉన్నప్పుడు తెగిన రెండు ముక్కలూ తగులుతున్నాయి, టేబుల్ నొక్కి జాక్ ఓరగా తిరిగినప్పుడు విడిపోతున్నాయి. పరీక్ష చేయడానికి టేబుల్ లాగిన ప్రతిసారీ తప్పు తనంతట తానే సర్దుకుంటోంది. చివర కత్తిరించి ఎనిమిది తీగలూ మళ్ళీ పంచ్ చేస్తే, అంటే జాక్ స్లాట్లలోకి నొక్కి బిగిస్తే, పది నిమిషాల పని. ఆమె నాలుగు నెలలుగా చెబుతున్నది అక్షరాలా నిజం. అప్పటి నుంచి నేను దేన్నైనా ముట్టుకునే ముందు, మనిషి రోజూ ఎలా కూర్చుంటారో అలాగే ఉంచి కొలుస్తాను. మీరూ అలాగే చేయండి.

ఇక మీరు చెప్పిన రెండో లక్షణం, మధ్యమధ్యలో 20కి పడిపోవడం. ఇది ఒట్టి 100 లింకు చేసే పని కాదు. 100 లింకు ఆరోగ్యంగా ఉంటే 94 దగ్గర కదలకుండా నిలబడుతుంది. కింద పడుతోందంటే ప్యాకెట్లు దారిలో పాడవుతున్నాయని అనుమానించాలి. ప్యాకెట్ పోయిందని తెలియగానే టీసీపీ, దారిలో రద్దీ ఉందేమోనని తన వేగాన్ని బాగా తగ్గించుకుంటుంది, మళ్ళీ మెల్లగా పెంచుకుంటుంది. అందుకే నూటికి ఒకటి రెండు ప్యాకెట్లు పోయినా వేగం సగానికి పైగా పడిపోవచ్చు. ప్యాకెట్లు పాడవడానికి నేను ఎక్కువగా చూసేవి రెండు.

ఒకటి కేబుల్‌లోనే. జతల్లోని మెలిక విప్పి, చాలా దూరం విడదీసి పంచ్ చేసి ఉండవచ్చు. చివరన 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదన్నది ప్రమాణం. లేదా జతలు కలగలిసిపోయి ఉండవచ్చు. ఇది చాలామందిని మోసం చేస్తుంది. రంగులు వరుసగా ఆరెంజ్, గ్రీన్, బ్లూ, బ్రౌన్ అని జతకి జత పక్కపక్కనే పెట్టి రెండు చివర్లా ఒకేలా క్రింప్ చేస్తే చిన్న టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలుగుతాయి. టెస్టర్ చూసేది తీగ అటు నుంచి ఇటు ఉందా లేదా అన్నదే. కానీ 3, 6 పిన్నులు ఒకే జతలోవి అయి ఉండాలి. వేర్వేరు జతల్లోంచి వస్తే ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లోకి కారుతుంది. మెలిక పెట్టిందే ఆ కారడం ఆగడానికి. కాబట్టి "టెస్టర్‌లో పాస్ అయింది" అంటే కేబుల్ బాగున్నట్టు కాదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగల కేబుళ్ళదీ ఇలాంటి కథే. చవకగా వస్తాయి, వంపుల దగ్గర తేలిగ్గా విరుగుతాయి. గోడలో వేయడానికి అవి పనికిరావు.

రెండోది డ్యూప్లెక్స్ తేడా. డ్యూప్లెక్స్ అంటే రెండు చివరలూ ఒకేసారి మాట్లాడవచ్చా (ఫుల్), వంతులవారీగానా (హాఫ్) అన్నది. ఎప్పుడో ఎవరో ఏదో సమస్యకి మందుగా స్విచ్ పోర్టుని 100 ఫుల్ డ్యూప్లెక్స్ అని చేత్తో బిగించేసి ఉంటారు. మీ పీసీ ఆటోలో, అంటే అవతలివైపుతో మాట్లాడుకుని వేగం తేల్చుకునే ఆటో నెగోషియేషన్‌లో, ఉంటుంది. ఆటో వైపు పలకరిస్తే అవతలి నుంచి జవాబు రాదు. సిగ్నల్ చూసి వేగం 100 అని పోల్చుకోగలదు గానీ, డ్యూప్లెక్స్ సంగతి తెలుసుకునే దారి లేదు. తెలియనప్పుడు హాఫ్ అనుకోవాలన్నది నియమం. దాంతో ఒకరు ఫోన్‌లో మాట్లాడినట్టు ఎప్పుడంటే అప్పుడు మాట్లాడుతుంటారు, రెండోవారు వాకీటాకీ పట్టుకున్నట్టు అవతలివారు ఆగితేనే మాట్లాడాలనుకుంటారు. మాట మీద మాట పడుతుంది. పింగ్ లాంటి చిన్న మాటలకి ఇబ్బంది ఉండదు, అందుకే పరీక్షలో దొరకదు. పెద్ద ఫైలు మొదలుపెట్టగానే కుంటుతుంది. దీన్ని పట్టించేవి స్విచ్‌లోని లెక్కలు: హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (మాట మీద మాట ఆలస్యంగా పడటం), ఫుల్ వైపు పాడైన ప్యాకెట్లకి గుర్తయిన సీఆర్‌సీ తప్పులు పెరుగుతుంటాయి.

ఈ సందర్భంలోనే ఒకటి గట్టిగా చెప్పాలి. అడాప్టర్ ప్రాపర్టీస్‌లో స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని 1.0 గిగాబిట్ ఫుల్ డ్యూప్లెక్స్ అని మార్చేస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. తీగలో తప్పుంటే దానివల్ల వేగం రాదు. రాగి తీగ మీద గిగాబిట్‌కి ఆటో నెగోషియేషన్ తప్పనిసరి. రెండు చివరల్లో ఎవరి గడియారాన్ని ఎవరు అనుసరించాలో కూడా అందులోనే తేలుతుంది. మీరు 1.0 అని పెడితే జరిగేది సాధారణంగా ఒక్కటే, "నాకు గిగాబిట్ తప్ప ఇంకేదీ రాదు" అని పీసీ చెప్పడం. నాలుగో జత తెగి ఉంటే అప్పుడు 100 కూడా రాదు, లింకే ఉండదు. పరీక్షగా ఒక నిమిషం పెట్టి చూడవచ్చు, లింకు అసలే నిలబడకపోతే తీగ మీద అనుమానం బలపడుతుంది. కానీ దూరం నుంచి రిమోట్‌లో ఉన్నప్పుడు మాత్రం చేయకండి, ఆ పీసీ మీ చేతిలోంచి పోతుంది. చూశాక మళ్ళీ ఆటో నెగోషియేషన్‌కి పెట్టేయండి, ఎప్పటికీ అక్కడే ఉంచండి.

తప్పుల లెక్క మీ వైపు నుంచి కూడా కొంత చూడవచ్చు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ మైనస్ ఈ (netstat -e) అని కొడితే ఎర్రర్స్, డిస్కార్డ్స్ అని రెండు వరుసలు వస్తాయి. ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి, 4 జీబీ ఫైలు ఒకసారి కాపీ చేయండి, మళ్ళీ చూడండి. మొత్తం ఎంత ఉందన్నది కాదు, ఆ ఆరు నిమిషాల్లో ఎంత పెరిగిందన్నది ముఖ్యం. అయితే పీసీ లెక్కపెట్టేది తన దగ్గరికి పాడై వచ్చిన వాటిని. తను పంపినవి పాడయ్యాయో లేదో తెలిసేది స్విచ్‌కే. అందుకని మీ దగ్గర సున్నా ఉన్నా సంబరపడకుండా స్విచ్ వైపు లెక్క కూడా అడగండి.

లింక్ స్పీడ్ 1000 ఉండి కూడా నెమ్మదిగా ఉంటే అది వేరే జబ్బు. అప్పుడు స్పీడ్ టెస్ట్ వెబ్‌సైట్లు పనికిరావు, వాటి మధ్యలో మీ ఆఫీసు ఇంటర్నెట్ లైను, ఫైర్‌వాల్ అన్నీ ఉంటాయి. ఐటీ వాళ్ళ అనుమతితో ఒకే స్విచ్ మీదున్న రెండు పీసీల మధ్య ఐపెర్ఫ్3 (రెండు పీసీల మధ్య వేగం కొలిచే ప్రోగ్రాం) నడపండి. ఒకదాంట్లో సర్వర్‌గా, ఇంకోదాంట్లో క్లయింట్‌గా. 5201 పోర్టు తెరిచి ఉండాలి. 940 దరిదాపుల్లో వస్తే తీగ, స్విచ్ రెండూ బాగున్నట్టే. అదే పరీక్షని తిరగేసి కూడా చేయండి, దానికి పెద్ద ఆర్ (-R) ఆప్షన్ ఉంది. ఒక దిక్కు బాగుండి ఒక దిక్కు కుంటితే మళ్ళీ కేబుల్, డ్యూప్లెక్స్ దగ్గరికే రండి.

ఐపెర్ఫ్ బాగా వచ్చి ఫైలు కాపీ మాత్రమే నెమ్మదిస్తే డిస్కు, యాంటీవైరస్ చూడాలి. వేల కొద్దీ చిన్న ఫైళ్ళు కాపీ చేస్తే ఏ నెట్‌వర్క్ మీదైనా నెమ్మదే, ప్రతి ఫైలుకీ తెరవడం, మూయడం అనే పలకరింపులు అవుతాయి. జిప్ చేసి తెచ్చుకోండి. విండోస్ 11 24హెచ్2 వచ్చాక ఫైల్ షేరింగ్‌కి ప్రో, ఎంటర్‌ప్రైజ్ లాంటి ఎడిషన్లలో ఎస్ఎంబీ సైనింగ్ (దారిలో డేటాని ఎవరూ మార్చలేదని సరిచూసే సంతకం) డిఫాల్ట్‌గా తప్పనిసరి అయింది. పాత, బలహీనమైన ఫైల్ సర్వర్లకి అది భారం. అలాగని సైనింగ్ ఆపేయకండి, అది భద్రత కోసం పెట్టింది.

లోపల అంతా బాగుండి ఇంటర్నెట్ మాత్రమే నెమ్మదిస్తే వీపీఎన్, ప్రాక్సీ, లేదా ఎప్పుడో వేసిన "ఇంటర్నెట్ స్పీడ్ పెంచే" సాఫ్ట్‌వేర్. ఈ చివరిదాని మీద నాకు నిజంగా కోపం. ఇలాంటివి కొన్ని, జవాబు కోసం ఆగేలోపు ఎంత పంపవచ్చో తనంతట తానే సర్దుకునే టీసీపీ ఆటో ట్యూనింగ్‌ని ఆపేస్తాయి. అప్పుడు ఒకసారికి 64 కిలోబైట్లు మాత్రమే పంపించి, అందిందని జవాబు వచ్చేదాకా ఆగాలి. జవాబు రావడానికి 20 మిల్లీసెకన్లు పడితే లెక్కప్రకారం 26 మెగాబిట్లకి మించి రాదు, మీ లైను ఎంత పెద్దదైనా సరే. నెట్‌ఎస్‌హెచ్ ఇంట్ టీసీపీ షో గ్లోబల్ (netsh int tcp show global) అనే కమాండ్‌లో ఆటో ట్యూనింగ్ లెవెల్ నార్మల్ అని ఉండాలి. డిసేబుల్డ్ అని ఉంటే అదే దొంగ.

గ్రీన్ ఈథర్నెట్, ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ అనే కరెంటు ఆదా సెట్టింగులు ఆపి చూడమని కూడా అంటుంటారు. లింకు మాటిమాటికీ తెగి వస్తుంటే ఒకసారి ఆపి చూడవచ్చు. 94 దగ్గర గోడకి మాత్రం సాధారణంగా అవి కారణం కావు.

మీ సంగతికి మళ్ళీ వస్తాను. ఐటీ వాళ్ళకి "నెట్ స్లో" అని ఇంకోసారి చెప్పకండి. ఆ మాట వాళ్ళు రోజుకి ఇరవైసార్లు వింటారు. ఇలా రాయండి: "నా జాక్ నంబరు ఇది. నా పీసీకి ఈ జాక్‌లో లింక్ స్పీడ్ 100, పక్క జాక్‌లో 1000. పక్క పీసీకి నా జాక్‌లో 100. మధ్యలో ఫోన్ గానీ చిన్న స్విచ్ గానీ లేవు. ప్యాచ్ కార్డ్ మార్చి చూశాను. 4 జీబీ కాపీకి 340 సెకన్లు పడుతోంది, ఆ సమయంలో ఎర్రర్స్ ఇంత నుంచి ఇంతకి పెరిగాయి." ఈ నాలుగు ముక్కలు చదివిన ఏ నెట్‌వర్క్ మనిషైనా లేచి ర్యాక్ దగ్గరికి వెళతాడు. తప్పు ఎక్కడ లేదో మీరు ముందే తేల్చి పెట్టారు కాబట్టి అతనికి వెతకాల్సిన చోటు తక్కువ.

వాళ్ళని మూడు అడగండి. మీ స్విచ్ పోర్టు ఆటోలో ఉందా, ఎవరైనా బిగించారా? ఆ పోర్టులో సీఆర్‌సీ, లేట్ కొలిజన్ లెక్కలు పెరుగుతున్నాయా? మూడోది, స్విచ్‌లో కేబుల్ డయాగ్నొస్టిక్స్ ఉందా? మేనేజ్డ్ స్విచ్‌లు (సెట్టింగులు మార్చుకునే వీలున్నవి) చాలావాటిలో ఉంటుంది, వాడేవాళ్ళు తక్కువ. తీగలోకి ఒక పల్స్ పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఏ జత ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెబుతుంది. ఒకటి రెండు మీటర్లు చూపిస్తే తప్పు ర్యాక్‌లోనే, ప్యాచ్ కార్డ్‌లోనో ప్యానెల్‌లోనో. మొత్తం పొడవుకి దగ్గరగా చూపిస్తే మీ గోడ జాక్ దగ్గర. మధ్యలో ఎక్కడో చూపిస్తే సీలింగ్ పైన నొక్కుకుపోయిన చోటు, అప్పుడు కొత్త కేబుల్ లాగడమే మేలు, మధ్యలో అతుకు వేయనివ్వకండి. ఆ పరీక్ష నడిచేటప్పుడు మీ లింకు కాసేపు తెగుతుంది, పని సేవ్ చేసుకుని ఉండండి.

జాక్ మీరే విప్పి పంచ్ చేయగలరని అనిపించినా ఆఫీసులో ఆ పని వాళ్ళతోనే చేయించండి. రెండు చివర్లూ ఒకే వరుసలో ఉండాలి, టీ568ఏ అయితే రెండు వైపులా ఏ, బీ అయితే రెండు వైపులా బీ. ప్యానెల్ వైపు ఏ వరుసలో ఉందో మీకు కనబడదు. చేసేటప్పుడు మాత్రం పక్కన నిలబడి చూడండి, పాత చివర పూర్తిగా కత్తిరించి కొత్తగా చేయమనండి. పాత తీగనే మళ్ళీ అదే స్లాట్‌లోకి నొక్కితే అందులో గాటు ఉండే ఉంటుంది.

అయ్యాక లింక్ స్పీడ్ 1000/1000 చూపించాలి. అదే 4 జీబీ ఫైలు, డిస్కులు అందుకోగలిగితే, 35, 40 సెకన్లలో రావాలి. ఎర్రర్ల అంకె రాసుకుని మర్నాడు సాయంత్రం మళ్ళీ చూడండి, పెరగకూడదు. బాగుచేసినతను వెళ్ళిపోయే ముందే టేబుల్‌ని ఎప్పుడూ ఉండే చోటుకి, గోడ వైపుకి పూర్తిగా నెట్టి, కుర్చీలో కూర్చుని, అతని ఎదురుగానే ఆ అంకె ఇంకొక్కసారి చూడండి.